మేకకు వగరు ఆకు: ఎంత వేయాలి, దేనితో కలిపి వేయాలి

ఊరి బయట తిరిగి మేసే మేక ఒక్క చెట్టు దగ్గర కడుపు నింపుకోదు. నాలుగు నోళ్లు జమ్మి, రెండు నోళ్లు రేగు, మధ్యలో కాస్త గడ్డి, ఆ పైన కంచె మీద పాకిన తీగ, ఇలా పోతూ ఉంటుంది. అదే మేకను తెచ్చి మంచె (సందుల పలకలతో ఎత్తుగా కట్టిన దొడ్డి) మీద పెట్టి, దగ్గర్లో ఏ చెట్టు ఉంటే ఆ చెట్టు రొట్టే రోజూ కొట్టి వేశామనుకోండి, దాని ఎంపిక పోయినట్టే. తొట్టి ఖాళీ అవుతుంది, పొట్ట నిండుగానే కనిపిస్తుంది, కాటా మీద మాత్రం బరువు కదలదు. చాలామంది వెంటనే నట్టల మందు తాగిస్తారు, తర్వాత దాణా పెంచుతారు. ఆకులోని టానిన్ల మీదికి ఆలోచన పోదు.

టానిన్ అంటే ఆకుకి, బెరడుకి, కాయకి వగరునిచ్చే పదార్థం. మాంసకృత్తులను, అంటే ప్రొటీన్లను, గట్టిగా పట్టుకోవడం దాని స్వభావం. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో తోళ్లు పదును చేసేది ఈ గుణం వల్లే. తోలులోని ప్రొటీన్‌ను టానిన్ పట్టేస్తే ఇక అది కుళ్లదు. మేక పొట్టలోనూ జరిగేది ఇదే. ఎంత మేర జరుగుతుందన్నదే తేడా.

పొట్టలో ఏం జరుగుతుంది

ఈ కాస్త భాగం ఓపిగ్గా చదవండి, కింద చెప్పే లెక్కలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

మేక తిన్నది ముందు పెద్ద పొట్టలోకి, అంటే రూమెన్‌లోకి పోతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు పీచును, ప్రొటీన్‌ను విరగ్గొడతాయి. రూమెన్‌లో పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సాధారణంగా 6, 7 మధ్య ఉంటుంది. ఈ స్థితిలో టానిన్ ప్రొటీన్‌ను వదలదు. ఆ ప్రొటీన్ సూక్ష్మజీవులకు అందకుండా నాలుగో పొట్టకు చేరుతుంది. అక్కడ ఆమ్లం ఎక్కువ, పీహెచ్ 3 దగ్గరకు దిగిపోతుంది. 3.5 కంటే తగ్గగానే పట్టు సడలి ప్రొటీన్ విడుదలవుతుంది, పేగుల్లో జీర్ణమై మేకకు నేరుగా అందుతుంది.

ఇది మంచిదే. ఎందుకంటే వేరుశనగ చెక్క లాంటి మేతలో ప్రొటీన్ రూమెన్‌లో చాలా వేగంగా విరిగిపోతుంది. విరిగినదంతా సూక్ష్మజీవులు వాడుకోలేవు. మిగిలింది అమోనియాగా మారి, రక్తంలో కలిసి, కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న చెక్కలో కొంత భాగం అలా దొడ్డి నేల పాలవుతుందన్నమాట. తగుమాత్రం టానిన్ ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ భారత పశువైద్య పరిశోధన సంస్థలో గొర్రెపిల్లలకు వేరుశనగ చెక్కతో పాటు జువ్వి ఆకు పొడి కలిపి పెట్టి చూశారు. కొద్దిపాటి టానిన్‌తో వాటి ఎదుగుదల మెరుగైంది.

మోతాదు పెరిగితే కథ తిరగబడుతుంది. ప్రొటీన్‌ను పట్టిన తర్వాత ఇంకా మిగిలిన టానిన్ పీచును పడుతుంది, సూక్ష్మజీవుల ఎంజైములను పడుతుంది, ఆ సూక్ష్మజీవులనే అణచివేస్తుంది. పీచు అరగదు. అరగని మేత రూమెన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి మేకకు మళ్లీ ఆకలి వేయదు. మొత్తం మేతలో, తడి తీసేసిన బరువు మీద, చిక్కటి టానిన్లు 2 నుంచి 4 శాతం దాకా ఉంటే మేలు, 5, 6 దాటితే నష్టం అన్నది స్థూలంగా పనికొచ్చే లెక్క. చిక్కటి టానిన్లు అంటే తుమ్మ, జమ్మి, సుబాబుల్ ఆకుల్లో ఎక్కువగా ఉండే రకం. కరక్కాయలో ఉండేది రెండో రకం, నీటితో విరిగేది. అది విరిగి రక్తంలోకి చేరగలదు, మోతాదు మించితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

గొర్రె కంటే, ఆవు కంటే మేక టానిన్‌ను బాగా తట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలో తుమ్మ జాతి చెట్లు మేసే అడవి మేకల రూమెన్ నుంచి టానిన్‌ను తట్టుకునే ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, 1994లో స్ట్రెప్టోకాకస్ క్యాప్రినస్ అని పేరు పెట్టారు. అయితే ఇలాంటి సూక్ష్మజీవుల సంఖ్య రాత్రికి రాత్రే పెరగదు. అలవాటు చేయాలి.

మొదటి పని: మీ దొడ్డిలో పడే ఆకును తెలుసుకోండి

ఒక వారం పాటు ఏ చెట్టు రొట్ట ఎన్ని కిలోలు వేస్తున్నారో రాసుకోండి. మండల బరువు కాదు, తిన్న ఆకు బరువు కావాలి. వేసేటప్పుడు ఒకసారి, మర్నాడు మిగిలిన పుల్లలు తీసి ఒకసారి తూస్తే తేడా తెలిసిపోతుంది.

ఏది ఎంత వగరో తెలియకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. గుప్పెడు ఆకును నలిపి గ్లాసుడు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. చల్లారాక చిటికెడు అన్నభేది (ఇనుప లవణం) వేయండి. టానిన్ ఉంటే కషాయం చూస్తుండగానే నల్లబడుతుంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసింది ఇలాగే. ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు వస్తే చిక్కటి టానిన్లు, నీలం కలిసిన నలుపు వస్తే రెండో రకం ఎక్కువని అర్థం. మునగాకును, జమ్మి ఆకును ఒకే కొలతతో కాచి పక్కపక్కనే పెట్టి చూస్తే తేడా కంటికి కొట్టినట్టు కనబడుతుంది. ఇది శాతాలు చెప్పే పరీక్ష కాదు, ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చుకోవడానికి మాత్రమే. అయిపోయాక ఆ గ్లాసులోది మేకలకు అందకుండా పారబోయండి.

ఇంకొక జాగ్రత్త. ఈ పరీక్ష విషాలను పట్టించదు. లేత జొన్నలో ఉండే నాము, గన్నేరు, ఆముదం ఆకులోని విషాలు టానిన్లు కావు. కషాయం నల్లబడలేదు కదా అని గన్నేరు మండ వేయకండి. వేప విషయం కూడా అంతే. దాని చేదు వేరే పదార్థాలది, వగరు లెక్కతో దాన్ని కొలవలేం.

రెండో పని: మూడు కుప్పలు చేసుకోండి

బాగా వగరు కుప్పలో జమ్మి, నల్లతుమ్మ, సండ్ర, మామిడి, నేరేడు ఆకులు వేసుకోండి. మధ్య రకంలో సుబాబుల్, రేగు, జువ్వి. వగరు తక్కువ కుప్పలో మునగ, అవిశ, దశరథ గడ్డి, అలసంద, వేరుశనగ కట్టె, మామూలు గడ్డి. ఒకే చెట్టులోనూ నేలను బట్టి, కాలాన్ని బట్టి, ఆకు వయసును బట్టి టానిన్ మారుతుంది కాబట్టి అనుమానం ఉన్నదాన్ని పై కుప్పలోకే నెట్టండి.

సుబాబుల్ గురించి ఒక మాట. కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే తోటల నుంచి ఆకు దండిగా దొరుకుతుంది, ప్రొటీన్ కూడా ఎక్కువే. కానీ దానిలో టానిన్‌తో పాటు మైమోసిన్ అనే ఇంకో పదార్థం ఉంది. అతిగా తింటే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. టానిన్ లెక్కలో మధ్య రకమైనా, మైమోసిన్ కారణంగా దీన్నీ మొత్తం మేతలో మూడో వంతుకే ఆపాలి.

సర్కారు తుమ్మను నల్లతుమ్మతో కలిపేయకండి. సర్కారు తుమ్మ పచ్చి ఆకును మేకలు పెద్దగా ముట్టవు, తినేది పండిన కాయలు. వాటిలో చక్కెర ఎక్కువ, వగరు తక్కువ. నల్లతుమ్మ కాయలు అలా కాదు, బాగా వగరు.

మూడో పని: లెక్క వేయండి

25 కిలోల మేక రోజుకు తన బరువులో 3 నుంచి 4 శాతం, అంటే ముప్పావు కిలో నుంచి కిలో దాకా పొడి మేత తింటుంది. పచ్చి ఆకులో మూడింట రెండు వంతులు నీళ్లే. కాబట్టి కిలో పొడి మేత కావాలంటే సుమారు 3 కిలోల పచ్చి ఆకు తినాలి.

మీ జమ్మి ఆకులో 8 శాతం టానిన్ ఉందనుకుందాం. మేక ఉత్త జమ్మి మీదే బతికితే అది తినే మేతలో టానిన్ 8 శాతం. హద్దు దాటిపోయింది. అదే కిలో పచ్చి జమ్మి ఆకు (పొడిగా మూడో వంతు కిలో), మిగతా రెండు వంతులు గడ్డి, వేరుశనగ కట్టె పెడితే, టానిన్ 2.7 శాతానికి దిగుతుంది. ఇది మేలు చేసే కొలత. బాగా వగరు ఆకు మూడో వంతు దాటకూడదని చెప్పేది అందుకే. మధ్య రకాన్ని విడిగా వేస్తే సగం దాకా పోనివ్వవచ్చు, సుబాబుల్‌కు తప్ప. రెండు కుప్పలూ కలిపి వేస్తుంటే మాత్రం రెండింటినీ కూడి చూసుకోవాలి. జమ్మి మూడో వంతు, దాని మీద రేగు సగం అంటే కుదరదు.

మూడు నెలల లోపు పిల్లలకు ఈ లెక్క వర్తించదు. వాటి రూమెన్, అందులోని సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడుతుంటాయి. అవిశ, మునగ, దశరథ గడ్డి లేత కొమ్మలు కట్టి వేలాడదీయండి, జమ్మి జోలికి పోకండి. చూడి మేకలకు చివరి నెలన్నర, పాలిచ్చే మేకలకు మొదటి రెండు నెలలు ప్రొటీన్ అవసరం బాగా ఎక్కువ. వాటికి వగరు ఆకును ఐదో వంతుకు తగ్గించడం నయం.

నాలుగో పని: దాణాతో జత కుదర్చండి

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. వగరు ఆకు కొలతలో ఉంటే దాణా, ఆకు దగ్గర దగ్గరగానే వేయండి. చెక్కలోని ప్రొటీన్‌ను టానిన్ రూమెన్ దాటిస్తుంది. వేసవిలో ఇంకేమీ దొరక్క వగరు ఆకు ఎక్కువ వేయాల్సి వస్తే మాత్రం, చెక్క పొద్దునే పెట్టి ఆకును సాయంత్రానికి నెట్టండి. రూమెన్‌లో అంతా ఎలాగూ కొంత కలిసిపోతుంది, అయినా నాలుగైదు గంటల ఎడం ఉంటే సూక్ష్మజీవులకు కాస్త ప్రొటీన్ అందుతుంది. రూమెన్‌లో వాటికి ప్రొటీన్ అందకపోతే గడ్డి కూడా అరగదు.

ఉత్త ఆకు, వరిగడ్డి కలిపి వేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. వగరు పలచబడుతుంది నిజమే, కానీ వరిగడ్డిలో ప్రొటీన్ చాలా తక్కువ. టానిన్ ఉన్న కాస్త ప్రొటీన్‌ను పట్టేస్తే మిగిలేది సున్నా. పలచబరచడానికి వేరుశనగ కట్టె, పెసర పొట్టు, అలసంద తీగ లాంటివే మేలు.

పచ్చి అలసంద గానీ లూసర్న్ గానీ ఎక్కువగా వేసే రోజుల్లో కాస్త తుమ్మ రొట్ట ముందే పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. పప్పుజాతి పచ్చిమేతలోని ప్రొటీన్ నురుగు కట్టి పొట్ట ఉబ్బిస్తుంది. టానిన్ ఆ ప్రొటీన్‌ను పడితే నురుగు నిలవదు.

ఐదో పని: వగరు తగ్గించి వేయండి

రొట్టను కొట్టిన వెంటనే వేయకుండా నీడలో ఒక రోజు వాడనివ్వండి. చిక్కటి టానిన్లు దీనితో మాయం కావు, కానీ ఆకు వాడేకొద్దీ కొంత టానిన్ ఆకులోని పదార్థాలకే అంటుకుని చురుకు తగ్గుతుంది. సుబాబుల్‌లో మైమోసిన్ కూడా కొంత తగ్గుతుంది. వాడిన ఆకును పోగు పెట్టి ఉంచకండి, బూజు పడితే ఇంకో తలనొప్పి.

కాయలకు, గింజలకు నీళ్ల పద్ధతి మేలు. మామిడి రసం ఫ్యాక్టరీలున్న చిత్తూరు వైపు జూన్, జూలైలో టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. టెంక పగలగొట్టి లోపలి జీడిని ముక్కలు చేసి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దునకు నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగి, ముక్కలను ఎండబెట్టి పిండి చేసుకోండి. ఇంత చేశాక కూడా దాణాలో పదో వంతు దాటించకండి. చింతగింజలైతే వేయించి తొక్క ఊడగొట్టాలి, టానిన్ అంతా ఆ ఎర్ర తొక్కలోనే ఉంటుంది. లోపలి తెల్ల పప్పుకు ఆ బెడద లేదు.

కట్టెల బూడిద నీళ్లు కూడా పనిచేస్తాయి. 10 లీటర్ల నీళ్లకు కిలో బూడిద కలిపి, తేర్చి, ఆ తేటలో నానబెట్టి తర్వాత శుభ్రంగా కడగాలి. క్షారంలో టానిన్ చురుకు పోతుంది. హిమాలయ ప్రాంతపు ఓక్ ఆకుల మీద ఈ పద్ధతిని పరీక్షించారు. పది మేకలున్నవాళ్లు రోజూ ఆకు నానబెట్టి కడగడం మాత్రం అయ్యే పని కాదు. తుమ్మకాయలు, గింజల వరకు ఉంచుకోండి.

పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి ఇంకొక దారి. అది టానిన్‌ను తనకే అంటించుకుని ప్రొటీన్‌ను వదిలిస్తుంది. పాలు పోసిన టీలో వగరు తగ్గడానికీ ఇలాంటి పట్టే కారణం, అక్కడ టానిన్‌ను పట్టేది పాలలోని ప్రొటీన్. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థలో జమ్మి మేసే మేకపిల్లలకు ఈ పొడి ఇచ్చి చూశారు, ఎదుగుదల పెరిగింది. పరిశోధనకు బాగుంది గానీ ఖర్చుతో చూస్తే మన దొడ్లకు నేను సిఫారసు చేయను. మేతలో మార్పుతో అయ్యే పనికి పొడి ఎందుకు?

ఆరో పని: పది రోజులు అలవాటు చేయండి

కొత్త ఆకును మొదటి మూడు రోజులు అనుకున్న దానిలో నాలుగో వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు, పది పన్నెండు రోజులకు పూర్తి మోతాదు. సంత నుంచి కొత్తగా తెచ్చిన మేకలను అసలే టెన్షన్‌లో ఉన్నప్పుడు కొత్త ఆకు మీదికి దించకండి. నాలుగు రోజులు గడ్డి మీద ఉంచి తర్వాత మొదలుపెట్టండి. నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. వగరు మేత తిన్న మేకకు పెంటిక గట్టిపడుతుంది, నీళ్లు చాలకపోతే మరీ ఎక్కువ. ఉప్పు, ఖనిజ లవణ ఇటుక వేలాడదీయండి.

ఏడో పని: పెంటికలు చూడండి

మంచె మీద పెంచేవాళ్లకు ఇది గుర్తుకు రాదు, ఎందుకంటే పెంటికలన్నీ సందుల్లోంచి కిందికి పోతాయి. పొద్దునే ఒకసారి కిందికి వంగి చూడండి. మామూలు పెంటిక పైన నిగనిగలాడుతూ, వేళ్ల మధ్య నొక్కితే నలుగుతుంది. టానిన్ మించినప్పుడు చిన్నదై, ఎండి, నొక్కితే రాయిలా ఉంటుంది. విరిచి చూస్తే లోపల అరగని పీచు ముక్కలు కనబడతాయి. ఈ మార్పు మేత తగ్గడం కంటే ముందే కనబడవచ్చు.

తర్వాత తొట్టిలో మిగులు చూడండి. నిన్నటిదాకా ఊడ్చి తిన్న ఆకును ఇవాళ వాసన చూసి వదిలేస్తే అది మేక ఇస్తున్న జవాబు. బలవంతపెట్టకండి. పదిహేను రోజులకొకసారి అవే నాలుగైదు మేకలను, అదే వేళలో, మేత వేయకముందు తూయండి. వేళ మారితే పొట్టలోని మేతే రెండు కిలోల తేడా చూపిస్తుంది.

కింది రెప్ప తిప్పి లోపలి రంగు కూడా చూడండి. ఎర్రగా ఉండాల్సింది పాలిపోతే నాలుగో పొట్టలో రక్తం పీల్చే నట్టలు ఉన్నట్టు అనుమానించాలి. దవడ కింద నీరు దిగితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇక్కడ టానిన్ మనవైపే ఉంటుంది. చిక్కటి టానిన్లున్న మేత తినే మేకల పెంటికల్లో ఈ నట్టల గుడ్లు తగ్గుతాయని చాలా చోట్ల చూశారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో సెరీసియా లెస్పిడీజా అనే పప్పుజాతి మొక్కను ఇందుకోసమే మేకలకు పెడుతున్నారు. వానాకాలంలో మన దగ్గర తుమ్మ రొట్ట మూడో వంతు వేస్తే కొంత ఉపయోగం ఉంటుంది. అంతమాత్రాన నట్టల మందు మానేయవద్దు. రెప్ప పాలిపోయిన మేకకు తుమ్మాకు వైద్యం కాదు, దానికి మందే పడాలి.

తేడా వస్తే

పెంటిక గట్టిపడి, మేత తగ్గి, మేక ఇంకా చురుగ్గానే ఉంటే ఆ రోజే వగరు ఆకు పూర్తిగా ఆపి గడ్డి, వేరుశనగ కట్టె, నానబెట్టిన చెక్క కొద్దిగా పెట్టండి. సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో పెంటిక మెత్తబడుతుంది. తర్వాత పాత మోతాదులో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

నెమరు ఆగిపోయినా, మూత్రం ముదురు రంగుకు మారినా, మేక పడుకుని లేవకపోయినా ఇంటి వైద్యాలు చేయకండి. మలబద్ధకం అని నూనె తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి మేక చచ్చే ప్రమాదం ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అదే నంబరు. డాక్టరు వచ్చేలోపు గత వారం రోజులుగా ఏం వేశారో రాసిపెట్టిన కాగితం, తొట్టిలో మిగిలిన మండ ఒకటి, గుప్పెడు పెంటికలు పక్కన సిద్ధంగా ఉంచండి.